ఏకలవ్యుడని మెచ్చుకోకండి

మనవాళ్ళకి ఒక అలవాటుంది. ఎవరైనా గురువు లేకుండా, బడి గడప తొక్కకుండా ఒక విద్యలో పైకి వచ్చారని తెలిస్తే చాలు, వెంటనే ‘ఏకలవ్యుడు’ అనేస్తారు. శాలువా కప్పేటప్పుడు అంటారు, సన్మానపత్రంలో రాస్తారు, మనిషి పోయాక సంతాపసభలో మళ్ళీ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ కథలో మనకి సగమే గుర్తు. మట్టిబొమ్మ గుర్తుంది, బాణం గురి గుర్తుంది, గురుభక్తి మరీ గుర్తుంది. నిషాదుడి కొడుకువి, నీకు నేర్పను పొమ్మన్న ద్రోణుడు మాత్రం గుర్తులేడు. బొటనవేలు పోయిన సంగతి కూడా గురుదక్షిణగానే గుర్తు, కోతగా కాదు.

ఈ సగం జ్ఞాపకం మన ఒక్కళ్ళ జబ్బు కాదు. అమెరికా కళాచరిత్రలో దీనికి సరిజోడు మాట ఒకటుంది: ‘సెల్ఫ్ టాట్’. తనంతట తాను నేర్చుకున్నవాడని అర్థం. 18, 19 శతాబ్దాల సంధిలో బాల్టిమోర్ నగరంలో రూపచిత్రాలు గీసి బతికిన జాషువా జాన్సన్ అనే నల్లజాతి చిత్రకారుడి పేరు ఎక్కడ వచ్చినా ఈ మాట తోకలా వెంట వస్తుంది. తెలుగులోకి తెస్తే మనవాళ్ళు ఆయన్ని తప్పకుండా ‘అమెరికా ఏకలవ్యుడు’ అంటారు. అనకముందే అడ్డుపడదామని ఈ నాలుగు మాటలు.

ముందు మనిషి సంగతి. ఆయన 1763 ప్రాంతంలో మేరీలాండ్‌లో పుట్టాడు. తల్లి బానిస. తండ్రి జార్జ్ జాన్సన్ అనే తెల్లవాడు. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అన్నది అక్కడి చట్టం. తండ్రి ఎవరన్నది లెక్కలోకి రాదు. అంచేత 1764లో ఆ తండ్రి, తల్లి యజమాని అయిన విలియం వీలర్‌కి 25 పౌన్లిచ్చి పిల్లవాణ్ణి కొన్నాడు. తన కొడుకుని తానే కొనుక్కున్నాడన్నమాట. 1782లో విముక్తిపత్రం రాయించినప్పుడు గాని, ఇతడు నా కొడుకని కాగితం మీద ఒప్పుకోలేదు. ఆ పత్రంలోనూ ఒక షరతు ఉంది. విలియం ఫోర్‌పా అనే కమ్మరి దగ్గర పని నేర్చుకోవడం పూర్తి కావాలి, లేదా 21 ఏళ్ళు నిండాలి. ఏది ముందైతే అప్పుడు స్వేచ్ఛ. ఈ కాగితాలు కోర్టు దస్తరాల్లోంచి బయటపడి లోకానికి తెలిసింది 1990 దశకంలో.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ మనిషికి ఎవరూ ఏమీ నేర్పలేదనడం అబద్ధం. నేర్పారు. కొలిమి ముందు కూర్చోబెట్టి సుత్తి పట్టడం నేర్పారు. ఏది నేర్పాలో, ఏది నేర్పనక్కరలేదో ఆయన పుట్టుకని బట్టి ముందే తేలిపోయింది. కుంచె ఆ జాబితాలో లేదు.

కొలిమి నుంచి కాన్వాసు దాకా ఆయన ఎలా నడిచాడో చెప్పే కాగితం లేదు. కాని 1796 నాటికి బాల్టిమోర్ నగర డైరెక్టరీలో చిత్రకారుడిగా ఆయన పేరు కనబడుతుంది. అక్కడి నుంచి 1824 దాకా, తరచు ఇళ్ళు మారుతూ, ఆ ఊళ్ళోనే ఆ వృత్తితోనే బతికాడు. ఓడల కెప్టెన్లు, వర్తకులు, వాళ్ళ భార్యలు, పిల్లలు ఆయన ముందు కూర్చున్నారు. ఈనాడు ఆయనవని గుర్తించిన చిత్రాలు 80కి పైగా ఉన్నాయి. సంతకం ఉన్నది ఒక్కదాని మీదే, సారా ఆగ్డెన్ గస్టిన్ అనే ఆమె చిత్రం మీద.

1798 డిసెంబరు 19న ‘బాల్టిమోర్ ఇంటెలిజెన్సర్’ పత్రికలో ఆయన ఒక ప్రకటన వేయించాడు. నా తగువంతా ఈ ప్రకటన చుట్టూనే. అందులో ఆయన తనను స్వయంశిక్షణ పొందిన ప్రతిభావంతుడని చెప్పుకున్నాడు. తన కళాజ్ఞానం ప్రకృతి నుంచీ పరిశ్రమ నుంచీ వచ్చిందన్నాడు. కోరిన చిత్రాన్ని తృప్తి కలిగేలా గీసిస్తానని హామీ ఇచ్చాడు. చార్లెస్ వీధి నుంచి హానోవర్ వీధికి పోయే సందులో, సియర్స్ సత్రం వెనకాల తన ఇల్లని చిరునామా ఇచ్చాడు. ఇవన్నీ బాగానే ఉన్నాయి. వీటి మధ్య ఇంకో ముక్క ఉంది. ఈ చదువు సాగించడంలో దాటరాని అడ్డంకులెన్నో తనకు ఎదురయ్యాయని కూడా ఆయన ఆ వాక్యంలోనే రాశాడు.

ఒకే వాక్యం, రెండు సగాలు. మొదటి సగం: నేను స్వయంగా నేర్చుకున్న ప్రతిభావంతుణ్ణి. రెండో సగం: నా చదువుకి అడ్డంకులు పెట్టారు. రెండు వందల ఏళ్ళుగా లోకం మొదటి సగాన్ని కత్తిరించి అద్దాల బీరువాలో పెట్టుకుంది. రెండో సగాన్ని చదివీ చదవనట్టు ఊరుకుంది. నా ఫిర్యాదు ఇదే. పొగడ్త పేరుతో జరిగిన దొంగతనం ఇది.

గుర్తుపెట్టుకోండి, అది పత్రికా ప్రకటన. డబ్బిచ్చి వేయించుకున్నది. గిరాకీని రమ్మని పిలిచే ప్రకటనలో ఏ వ్యాపారి అయినా తన కష్టాలు రాసుకుంటాడా? తను అమ్మే సరుకు గురించి రాస్తాడు, ధర రాస్తాడు. బానిసలు అమ్ముడుపోతున్న ఊళ్ళో, తెల్లవాళ్ళు చదివే పత్రికలో, వాళ్ళ డబ్బుతో బతకాల్సిన నల్లవాడు ‘అడ్డంకులు’ అన్న మాట అచ్చు వేయించాడంటే, ఆ మాటకి ఎంత బరువుందో ఆలోచించండి. అడ్డుపెట్టింది ఎవరో రాయలేదు. రాస్తే మర్నాడు ఎవరూ తలుపు తట్టరు. రాయలేనిది చదువుకోవడం మన పని. ఆ పని మనం చెయ్యలేదు.

‘ఆ కాలంలో అమెరికాలో అందరూ అలాగే నేర్చుకున్నారు కదా, ఒక్క జాన్సన్ గురించే ఎందుకింత రాద్ధాంతం?’ అనేవాళ్ళుంటారు. మంచి ప్రశ్న. అందుకే అదే మేరీలాండ్‌లో 1741లో పుట్టిన ఇంకొక చిత్రకారుణ్ణి పక్కన నిలబెడతాను. ఆయన పేరు చార్లెస్ విల్సన్ పీల్. గుర్రపు జీన్లు కుట్టే పనిలో అప్రెంటిస్‌గా బతుకు మొదలుపెట్టాడు. ఇద్దరిదీ చేతిపనే, ఒకరిది తోలు, ఒకరిది ఇనుము. పీల్‌కి బొమ్మలు గియ్యాలని బుద్ధి పుట్టింది. జాన్ హెసీలియస్ అనే చిత్రకారుడి దగ్గరికి వెళ్ళి, ఒక జీను ఇచ్చి, బదులుగా ఆయన గీస్తూంటే చూసే అవకాశం సంపాదించాడు. తరవాత మేరీలాండ్ పెద్దమనుషులు కొందరు చందాలు వేసుకుని ఆయన్ని లండన్ పంపారు. అక్కడ బెంజమిన్ వెస్ట్ దగ్గర 1767 నుంచి 1769 దాకా చదువుకుని తిరిగొచ్చాడు.

జీను ఇస్తే హెసీలియస్ తలుపు తీశాడు. కమ్మరి కుర్రాడు ఒక జత లాడాలు పట్టుకుని వెళ్తే తీసేవాడా? జాన్సన్‌ని లండన్ పంపడానికి చందా పుస్తకం పట్టుకుని ఎవరైనా తిరిగేవాళ్ళా? జవాబు మీకూ తెలుసు, నాకూ తెలుసు. పీల్‌ని ఎవరూ స్వయంశిక్షితుడనరు, వెస్ట్ శిష్యుడంటారు. ఇద్దరి మధ్య తేడా పట్టుదలలో లేదు, తలుపులో ఉంది. తలుపు తెరిచినవాడికి శిష్యుడని పేరు, తలుపు మూసినవాడికి ఏకలవ్యుడని పేరు.

పీల్ తన కొడుకులకి రాఫెల్, రెంబ్రాంట్, టిషియన్, రూబెన్స్ అని పేర్లు పెట్టుకున్నాడు. పుట్టగానే మహాచిత్రకారుడి పేరు, నడక రాగానే కుంచె. ఇక జాన్సన్‌కి? ఆయన పేరు జాన్సనా, జాన్‌స్టనా అన్నదే చాలాకాలం తేలలేదు. 1940లలో వచ్చిన పరిశోధనలో ఆయన జాన్‌స్టన్‌గానే ఉన్నాడు.

పీల్ ఇంట్లో ఇంకొక పిల్లవాడు కూడా పెరిగాడు. పేరు మోజెస్ విలియమ్స్. అతడి తల్లిదండ్రులు ఒక రూపచిత్రానికి ప్రతిఫలంగా పీల్ చేతికి వచ్చిన బానిసలని చరిత్రకారులు చెబుతారు. బొమ్మకి ధరగా మనుషులన్నమాట! పీల్ తన పిల్లలకి రంగులు కలపడం నేర్పాడు. మోజెస్‌కి నేర్పింది, మనిషి పక్కముఖం గీతని కాగితం మీదికి దింపే యంత్రం తిప్పడం, ఆ గీత వెంట కాగితం కత్తిరించడం. పీల్ మ్యూజియంలో 1803లో ఒక్క ఏడాదిలోనే అతడు ఎనిమిది వేలకి పైగా నీడబొమ్మలు కత్తిరించాడు. అంత నికార్సయిన చెయ్యి! ఆ చేతికి కుంచె మాత్రం అందలేదు. పీల్ దుర్మార్గుడని నేననడం లేదు. ఆ రోజుల లెక్కలో ఉదారుడే. ఉదారుడి ఇంట్లోనే ఇలా జరిగిందంటే, ఊళ్ళో సంగతి చెప్పాలా?

ఇప్పుడు రెండో అభ్యంతరానికి వస్తాను. ‘జాన్సన్ బొమ్మల్లో లోపాలున్నాయి కదా, మనుషులు కర్రల్లా బిగుసుకుని ఉంటారు కదా, స్వయంగా నేర్చుకున్నాడని చెప్పడం ఆ లోపాలని సానుభూతితో చూడటానికే’ అంటారు. నాకు ఈ సానుభూతి మీదే ఎక్కువ కోపం.

నిజమే, ఆయన మనుషులు బిగుసుకునే కూర్చుంటారు. పెదాలు గట్టిగా మూసుకుని ఉంటారు. రంగు పలచన. కాని ఒకసారి 1807 ప్రాంతంలో గీసిన ‘వెస్ట్‌వుడ్ పిల్లలు’ చిత్రం చూడండి. బగ్గీలు తయారుచేసే ఆసామి కొడుకులు ముగ్గురు. ఒకే రకం ముదురు రంగు దుస్తులు, ఒకే రకం తెల్ల కాలర్లు. పువ్వులు పట్టుకుని నిలబడ్డారు. పక్కన ఒక నల్లకుక్క, దాని నోట్లో ఒక పిట్ట. అంత శుభ్రంగా, అంత బుద్ధిగా నిలబెట్టిన పిల్లల పక్కన నోట పిట్టని కరుచుకున్న కుక్కని పెట్టిన మనిషి అమాయకుడు కాదు. ఎమ్మా వాన్ నేమ్ అనే చిన్నపాప చిత్రం చూడండి. పాప పక్కన దాదాపు ఆమె అంత ఎత్తు గాజుపాత్ర, దాని నిండా స్ట్రాబెర్రీలు. పాప ఎంత చిన్నదో చెప్పడానికి అంతకన్నా మంచి ఉపాయం ఏ అకాడమీ నేర్పుతుంది?

ఆయన బొమ్మల్లో కుర్చీలకి, సోఫాలకి అంచున ఇత్తడి మేకులు వరసగా మెరుస్తూంటాయి. ఒక్కొక్క మేకుకీ ఒక్కొక్క వెలుగుచుక్క. ఆ మేకుల వల్లనే ఆయనకి ‘ఇత్తడి మేకుల చిత్రకారుడు’ అని ముద్దుపేరు వచ్చింది. విమర్శకులు దీన్నొక తమాషా గుర్తుగా రాస్తారు. నాకు మాత్రం ఆ వరస చూసినప్పుడల్లా కొలిమి గుర్తొస్తుంది. లోహం మీద వెలుగు ఎక్కడ పడుతుందో సరిగ్గా తెలిసిన మనిషి వేసిన చుక్కలవి. ఇది నా ఊహే, రుజువు చెయ్యమని అడగకండి. కాని దీన్ని లోపాల పట్టీలో మాత్రం రాయకండి.

ఇంకొక విచిత్రం చూడండి. ఆయన బొమ్మల తీరుకీ పీల్ కుటుంబం తీరుకీ, ముఖ్యంగా 1790లలో బాల్టిమోర్‌లో పనిచేసిన పీల్ మేనల్లుడు చార్లెస్ పీల్ పోక్ తీరుకీ పోలికలున్నాయని పండితులు ఏనాడో గుర్తించారు. వాళ్ళ దగ్గర నేర్చుకున్నాడేమోనని కొందరు ఊహించారు. పత్రాధారం దొరకలేదు. దొరికితే మంచిదే. కాని ఈ లెక్క ఎలా నడుస్తుందో గమనించారా? బొమ్మలో చెయ్యి బాగా కుదిరితే అది పీల్‌ల ప్రభావం. చెయ్యి వంకరపోతే అది స్వయంశిక్షణ. లాభం వాళ్ళ ఖాతాలో, నష్టం ఈయన ఖాతాలో. ఇలాంటి పద్దు రాసే గుమాస్తాని ఏ షావుకారూ పనిలో ఉంచుకోడు. కళాచరిత్రలో మాత్రం పీఠమెక్కిస్తారు.

‘స్వయంశిక్షితుడు’ అన్నది మెచ్చుకోలు మాటగానే మిగిలిపోతే నేనింత అరవను. అది అరగా మారింది. 1930లలో అమెరికా మ్యూజియాలు పాత రూపచిత్రాలని వెతికి తీసి ప్రదర్శించడం మొదలుపెట్టాయి. 1932లో న్యూయార్క్ ఆధునిక కళామ్యూజియంలో హోల్గర్ కేహిల్ ‘అమెరికా జానపద కళ’ పేరుతో పెద్ద ప్రదర్శనే పెట్టాడు. ఆ బొమ్మలని చెత్తబుట్టలోంచి కాపాడిన పుణ్యం వాళ్ళదే, కాదనను. కాని అప్పటి నుంచి ‘జానపదం’, ‘ఆదిమం’, ‘అమాయకం’ అనే చీటీలు తయారయ్యాయి. 1939లో హాల్ ప్లెజెంట్స్ అనే పరిశోధకుడు కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా చెప్పుకుంటూ వచ్చిన నల్లజాతి చిత్రకారుడి కథలని పోగుచేసి జాన్సన్‌ని వెలికితీసేసరికి, ఆయన కోసం ఆ అర ఖాళీగా సిద్ధంగా ఉంది. తీసుకెళ్ళి అందులో కూర్చోబెట్టారు.

బతికినన్నాళ్ళూ తన గుమ్మానికి చిత్రకారుడని బోర్డు పెట్టుకున్న మనిషిని జానపదుడని ఎలా అంటారు? ఆయన జాతర్లలో బొమ్మలు అమ్మలేదు. తీరిక వేళల్లో సరదాగా గియ్యలేదు. నగరంలో, పత్రికలో ప్రకటన ఇచ్చి, గిరాకీ సంపాదించి, పిల్లల్ని పోషించుకున్న వృత్తికళాకారుడు. ఆయన కాలంలో కూడా ఊరు ఆయనకొక అర కట్టింది. 1816-17 డైరెక్టరీలో ఆయన పేరు ‘స్వేచ్ఛ పొందిన రంగుజాతి గృహస్థులు’ అనే విడి జాబితాలో ఉంది. వందేళ్ళ తరవాత మ్యూజియం ఇంకో విడి జాబితా చూపించింది. మొదటిదాంట్లో అవమానం కనబడుతుంది. రెండోదాంట్లో అది పూలదండ వేసుకుని ఉంటుంది. అంతే తేడా.

‘ఆయనే తన నోటితో చెప్పుకున్న మాటని మీరెందుకు కాదంటారు?’ ఇది ఆఖరి అభ్యంతరం, గట్టిది కూడా. నేను కాదనడం లేదు. ఆయన చెప్పుకున్నది పొగరుతో. మీరు నేర్పకపోయినా నేర్చుకున్నాను, రండి, నా పని చూడండి అని. అది వీపు నిటారుగా పెట్టి అన్న మాట. మనం అనేటప్పుడు అది తల మీద చెయ్యి వేసి నిమిరే మాట అయింది. కష్టపడ్డవాడు నా కష్టమని చెప్పుకుంటే ఆత్మగౌరవం. కష్టపెట్టినవాళ్ళ వారసులు అదే మాట ఎత్తుకుని ఆహా ఎంత కష్టపడ్డావని మెచ్చుకుంటే, తప్పించుకోవడం.

మనకెందుకీ బాల్టిమోర్ గొడవ అనుకునే పాఠకులకి ఒక్క మాట. సరిహద్దులకి ఇవతల బతుకుతున్న మనకి ఈ పొగడ్త బాగా పరిచయమే. ఏదో పరభాష బడిలో చదివి, బస్సు బోర్డులూ సినిమా పోస్టర్లూ కూడబలుక్కుని తెలుగు నేర్చుకుని, నాలుగు మాటలు రాసేవాణ్ణి వేదికెక్కించి ‘గురువు లేకుండా నేర్చుకున్నాడండీ!’ అంటారు. నన్నూ ఒకటి రెండు సభల్లో ఇలా పొగిడారు. చప్పట్లు మోగాయి. ఆ బళ్ళో తెలుగు మేష్టారు ఎందుకు లేడని మాత్రం సభలో ఎవరూ అడగలేదు. చప్పట్ల మోతలో ప్రశ్న వినబడదు. ఈ పొగడ్త పని అదే.

అందుచేత నా మనవి చిన్నది. జాషువా జాన్సన్ గురించి రాయండి, మాట్లాడండి, పిల్లలకి ఆ ముగ్గురు అన్నదమ్ముల బొమ్మ చూపించండి. తొలి నల్లజాతి వృత్తిచిత్రకారుడని మాత్రమే చెప్పి ఆపెయ్యకండి. ఆ కుక్క నోట్లో పిట్టని చూపించండి, ఇత్తడి మేకుల మీది వెలుగు చూపించండి. ‘తనంతట తాను నేర్చుకున్నాడు’ అని తప్పక రాయవలసి వస్తే రాయండి. కాని ఆ వాక్యం అక్కడ ముగించకండి. పక్కనే ఇంకో వాక్యం రాయండి: నేర్పగలిగినవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నారు, నేర్పలేదు. ఆయన 1798లో తన డబ్బులతో అచ్చు వేయించిన వాక్యంలో ఈ రెండో సగం ఉంది. దాన్ని తిరిగి దాని చోట పెట్టడం దయ కాదు, బాకీ.